టీకా తరువాత వచ్చే బాధలు – వాటి లెక్క ఎవరిది? దానిని చదవడం ఎలా?

పసిబిడ్డకు టీకా వేయించి ఇంటికి తెచ్చిన రాత్రి ఒళ్లు వెచ్చబడితే ఆ ఇంటిలో ఎవరికీ కంటిమీద కునుకు ఉండదు. అమ్మమ్మ గారు ఒక చిట్కా చెబుతారు. పక్కింటివారు ఒక భయం చెబుతారు. తండ్రి మందుల దుకాణానికి పరుగెడతాడు. మరునాటికి జ్వరం తగ్గుతుంది, అందరూ ఆ సంగతి మరచిపోతారు. ఎప్పుడో ఒకచోట జ్వరంతో ఆగక పెద్ద ప్రమాదమే జరిగినప్పుడు మాత్రం ఆ వార్త ఊరంతా పాకుతుంది. మరచిపోయినదీ, పాకిపోయినదీ రెండూ సక్రమంగా ఒక పుస్తకంలోకి ఎక్కకపోతే నిజం ఎవరికీ తెలియదు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, సుల్తాన్ బజార్ ప్రాంతాల నుండి నా వద్దకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా ఒక ప్రశ్న వేస్తుంటారు. "డాక్టరు గారూ, ఈ టీకా వల్ల ఎంతమందికి ఏమైందో సర్కారు దగ్గర లెక్క ఉంటుంది కదా! అది మాబోటివాళ్లు చూడవచ్చునా?" ఆయుర్వేద వైద్యుడినైన నన్ను ఈ ప్రశ్న అడగడంలో, నేను టీకా వద్దని చెబుతానేమోననే ఆశ కొందరికి ఉంటుంది. నేను అలా చెప్పను. ధనుర్వాతం, కంఠసర్పి, పోలియో మన ఇళ్ల నుండి దూరమైనది టీకాల వల్లనే. అయినా ఆ ప్రశ్న మాత్రం ఎంతో ఉచితమైనది. లెక్కను చూడడం మన హక్కు. దానిని చదవడం నేర్చుకోవడం మన బాధ్యత. ఈ రెండింటినీ గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

శాస్త్రం చూపిన దారి

చికిత్స వల్ల కలిగే చెడును గురించి మాట్లాడితే వైద్యానికి చెడ్డపేరు వస్తుందని మన పూర్వులు అనుకోలేదు. చరక సంహితలోని సిద్ధిస్థానంలో వమన విరేచనాల వల్ల కలిగే వ్యాపత్తులకు, అనగా చికిత్సలో తలెత్తే ఉపద్రవాలకు, ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు. అందులో పది వ్యాపత్తులను పేర్కొని, అవి నాలుగు విధాల లోపాల వల్ల కలుగుతాయని చెప్పారు. పరిచారకుని లోపం, ఔషధ లోపం, వైద్యుని లోపం, రోగి వైపు నుండి లోపం – ఇవే ఆ నాలుగు.

ఇక్కడ గమనించవలసిన విశేషమొకటి కలదు. ఉపద్రవం వచ్చిన వెంటనే "మందు చెడ్డది" అని శాస్త్రం తీర్పు చెప్పలేదు. ముందుగా లోపం ఏ వైపున ఉన్నదో విచారించమన్నది. నేటి టీకాల విచారణ పద్ధతి కూడా, భాష వేరైనా, ఈ మార్గంలోనే నడుస్తున్నది.

సంఘటన వేరు, దుష్ఫలితం వేరు

టీకా వేసిన తరువాత కలిగిన ఏ ఆరోగ్య సమస్యనైనా "టీకా అనంతర ప్రతికూల సంఘటన" అంటారు. "తరువాత" అన్న మాటను జాగ్రత్తగా చూడండి. తరువాత జరిగినదంతా దాని వల్లనే జరిగినది కాదు. పిల్లలకు ఎక్కువ టీకాలు పడేది మొదటి సంవత్సరంలో. జ్వరాలు, విరేచనాలు, మూర్ఛలు, దగ్గులు సహజంగా ఎక్కువగా వచ్చేది కూడా ఆ వయస్సులోనే. కాబట్టి టీకా వేసిన వారంలో కొందరు పిల్లలకు టీకాతో సంబంధం లేని జబ్బులు రావడం అనివార్యం. అలాగని ప్రతి జబ్బునూ "కాకతాళీయం" అని తోసివేయడం కూడా అన్యాయమే. అందుచేత ముందు నమోదు, తరువాత విచారణ, ఆ తరువాత తీర్పు. ఈ వరుస తప్పకూడదు.

మరణం, ఆసుపత్రిలో చేర్చవలసి రావడం, అంగవైకల్యం, ఒకేచోట పలువురికి ఒకే విధమైన బాధ కలగడం వంటివి తీవ్ర సంఘటనలు. వీటిని ఆరోగ్య కార్యకర్త, వైద్యాధికారి, జిల్లా టీకాల అధికారి ద్వారా రాష్ట్ర, జాతీయ స్థాయి సంఘాల వరకు పంపుతారు. ఆ సంఘాలు విచారించి ప్రతి కేసునూ ఈ క్రింది వర్గాలలో ఒకదానిలో చేరుస్తాయి.

1. టీకా ద్రవ్యం యొక్క సహజ గుణం వల్ల కలిగినది.
2. టీకా తయారీలోని నాణ్యతా లోపం వల్ల కలిగినది.
3. నిల్వ చేయడంలో, వేయడంలో, తోడుగా ఇచ్చిన మందులో జరిగిన పొరపాటు వల్ల కలిగినది.
4. సూది భయం, ఆందోళన వల్ల కలిగినది (కళ్లు తిరిగి పడిపోవడం వంటివి).
5. టీకా కారణం కావచ్చునని అనిపించినా తేల్చడానికి ఆధారాలు చాలనిది.
6. టీకాతో సంబంధం లేక, అదే సమయంలో వచ్చిన వేరొక జబ్బు.
7. వివరాలు లేనందువల్ల ఏ వర్గంలోనూ చేర్చలేనిది.

చరకుని నాలుగు లోపాలను ఈ పట్టిక పక్కన ఉంచి చూడండి. ఔషధ లోపం మొదటి రెండు వర్గాలలోనూ, వైద్య పరిచారకుల లోపం మూడవ వర్గంలోనూ, రోగి వైపు కారణం నాల్గవ దానిలోనూ కనబడుతుంది.

నాంపల్లి నేర్పిన పాఠం

ఈ వర్గీకరణ ఎందుకు అవసరమో మన నగరంలోనే ఒక విషాదం తెలియజేసింది. 2019 మార్చిలో నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలు పలువురు తీవ్ర అస్వస్థతకు గురై నీలోఫర్ ఆసుపత్రిలో చేరారు. ప్రాణనష్టం కూడా జరిగింది. అయిదు వ్యాధులకు కలిపి వేసే పెంటావలెంట్ టీకా మీదికి అందరి అనుమానం వెళ్లింది. విచారణలో తేలినది వేరు. జ్వరానికి ఇవ్వవలసిన పారాసిటమాల్ మాత్రలకు బదులుగా ట్రమడాల్ అనే బలమైన నొప్పి నివారిణి మాత్రలను ఇచ్చారు. పెద్దలకు సైతం జాగ్రత్తగా వాడవలసిన మందు అది. పసివారి శ్వాసను అణచివేయగలదు.

విచారణ జరిగి, ఆ ఫలితం బయటకు రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. నగరంలోని తల్లులు టీకాకు భయపడి పిల్లలను తీసుకురావడం మానేవారు. అసలు తప్పు అయిన మాత్రల గందరగోళం మాత్రం అలాగే మిగిలి, మరొక కేంద్రంలో మరొక బిడ్డను బలిగొనేది. లెక్కను బహిరంగంగా తేల్చడం వల్ల నిర్దోషికి నింద తప్పుతుంది, దోషం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది.

ఒక పట్టికను చదివి చూద్దాం

కోవిడ్ టీకాల కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ విచారణ ఫలితాల పట్టికలను ప్రకటించింది. 2021 జూన్‌లో వెలుగులోకి వచ్చిన ఒక నివేదికలో 31 తీవ్ర కేసుల నిర్ణయాలు ఉన్నాయి. అవి ఇలా ఉన్నాయి:

టీకా ద్రవ్యం వల్ల కలిగినవి – 3
ఆందోళన వల్ల కలిగినది – 1
తేల్చడానికి ఆధారాలు చాలనివి – 7
వేరొక జబ్బు వల్ల కలిగినవి – 18
వర్గీకరించలేనివి – 2

భయపడేవారు ఈ పట్టిక చూసి "31 మందికి టీకా వల్ల హాని" అంటారు. అది తప్పు. టీకాను పొగడాలనుకునేవారు "18 కేసులలో సంబంధమే లేదు" అని అక్కడితో ఆపుతారు. అది అర్ధసత్యం. నిజాయితీగా చదివేవారు మూడు సంగతులు గ్రహించాలి.

మొదటిది: మూడు కేసులలో టీకాయే కారణమని ప్రభుత్వ సంఘమే ఒప్పుకున్నది. ఈ మూడూ అనాఫిలాక్సిస్ అనే తీవ్ర ఎలర్జీ వల్ల కలిగినవే. ఇద్దరు చికిత్సతో కోలుకున్నారు, 68 ఏళ్ల పెద్దాయన ఒకరు మరణించారు. టీకా వేసిన తరువాత అరగంట సేపు అక్కడే కూర్చోమనడం ఎందుకో ఈ ఒక్క పంక్తి తెలియజేస్తుంది. ఆ ఎలర్జీ సాధారణంగా ఆ అరగంటలోనే బయటపడుతుంది, వెంటనే ఎడ్రినలిన్ సూది వేస్తే ప్రాణం నిలుస్తుంది.

రెండవది: ఏడు కేసులలో సమాధానం దొరకలేదు. "తెలియదు" అని వ్రాయడం విజ్ఞానానికి అవమానం కాదు. అటువంటి కేసులే రేపు పది చోట్ల కనబడితే అది ఒక హెచ్చరిక అవుతుంది.

మూడవది: రెండు కేసులు వివరాలు లేనందువల్లనే వృథా అయ్యాయి. వైద్య పత్రాలు సరిగా లేకపోతే, శవపరీక్ష జరగకపోతే కేసు ఇలాగే మిగిలిపోతుంది. ఇక్కడ కుటుంబం యొక్క పాత్ర కూడా ఉన్నది.

ఇంకొక సూత్రం కూడా గుర్తుంచుకోవాలి. పైనున్న అంకెను చూసినప్పుడు క్రిందనున్న అంకెను కూడా అడగాలి. 2021 మే నెలలో జాతీయ సంఘం 498 తీవ్ర కేసులను పరిశీలించి, కోవిషీల్డ్ వేసుకున్నవారిలో 26 కేసులు రక్తం గడ్డకట్టే సమస్యకు చెందినవి కావచ్చునని ప్రకటించింది. 26 అన్నది ఒక్కటే వింటే భయం కలుగుతుంది. పది లక్షల మోతాదులకు 0.61 అని కూడా అదే ప్రకటనలో ఉన్నది. ఆ రెండవ అంకె లేకుండా మొదటి అంకెకు అర్థం లేదు. అయితే ఆ 0.61 కూడా నమోదైన కేసుల నుండి వచ్చినదే. నమోదు తగ్గితే ఈ సంఖ్య కూడా కృత్రిమంగా తగ్గుతుంది. కనుక పూర్తిగా నమోదు చేయడమే నమ్మకానికి పునాది.

నివేదికలు ప్రాణాలు కాపాడిన సందర్భం

అమెరికాలో 1990 నుండి టీకా అనంతర సంఘటనల నమోదు వ్యవస్థ ఒకటి పనిచేస్తున్నది. వైద్యుడే కాదు, తల్లి అయినా తండ్రి అయినా అందులో నమోదు చేయవచ్చు. పేర్లు తొలగించిన ఆ నివేదికలను ఎవరైనా చదవవచ్చు. 1998 ఆగస్టులో అక్కడ పిల్లల విరేచనాలకు కారణమైన రోటా వైరస్‌పై రోటాషీల్డ్ అనే టీకాకు అనుమతి లభించింది. 1999 జూలై నాటికి పేగులో పేగు చొచ్చుకుపోయే ప్రమాదకర స్థితి గురించి 15 నివేదికలు చేరాయి. కేవలం 15! వెంటనే ఆ టీకాను నిలిపి, లోతుగా అధ్యయనం చేశారు. సుమారు పది వేల మందిలో ఒకరికి ఆ ప్రమాదం ఉన్నదని తేలింది. అదే సంవత్సరం అక్టోబరులో దానిని ఉపసంహరించారు.

ఈ అనుభవం మన ఇంటి గుమ్మం వరకు వచ్చింది. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారు చేసిన రోటావాక్ చుక్కలను 2016లో ప్రభుత్వ కార్యక్రమంలో తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాత ప్రమాదం తెలిసినందున, పేగు సమస్యతో ఆసుపత్రులలో చేరిన శిశువులను ప్రత్యేకంగా గమనించారు. ఈ టీకా వల్ల ఆ ప్రమాదం పెరగలేదని 2020లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఒక దేశంలోని తల్లిదండ్రుల, వైద్యుల నివేదికలు మరొక దేశపు పసివారికి కాపలా కాసినట్లయింది.

లెక్క సరిగా లేనప్పుడు ఏమవుతుంది?

దీనికి భిన్నమైన అనుభవం మన ఖమ్మం జిల్లాది. 2009 జూలైలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి, గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకాను 10 నుండి 14 ఏళ్ల బాలికలకు వేయించే ప్రాజెక్టును అక్కడ ప్రారంభించాయి. సుమారు 14,000 మంది బాలికలకు టీకా పడింది. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల వసతి గృహాలలో చదువుకునే గిరిజన బాలికలు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటి ప్రాజెక్టే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తతో 2010 ఏప్రిల్‌లో పనులు నిలిపివేశారు.

ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు కనబడలేదని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తెలిపింది. అయితే తల్లిదండ్రులకు బదులుగా వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాలపై సంతకాలు చేసిన తీరు, ప్రతికూల సంఘటనలను గమనించి నమోదు చేసే ఏర్పాటులోని లోపాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఫలితం ఏమిటి? మరణాలకు టీకా కారణం కాదని చెప్పినా నమ్మేవారు కరువయ్యారు. కాన్సరును నివారించగల ఒక మంచి టీకాపై అనుమానం చాలాకాలం మిగిలిపోయింది. అక్కడ లోపించినది మందు గుణం కాదు, ముందుగా చెప్పి, వెంటనే నమోదు చేసి, బాహాటంగా చూపే పద్ధతి.

సుప్రీంకోర్టు ఏమన్నది?

2022 మే 2న జాకబ్ పులియేల్ వర్సెస్ భారత ప్రభుత్వం అనే కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనరాదని చెప్పడంతో పాటు, మన ప్రశ్నకు నేరుగా సంబంధించిన ఆదేశం కూడా అందులో ఉన్నది. అనుమానిత ప్రతికూల సంఘటనలను సామాన్య వ్యక్తులు, ప్రైవేటు వైద్యులు సైతం నమోదు చేసేందుకు వీలు కల్పించాలని, నమోదు చేసినవారి ఆంతరంగిక వివరాలు బయటపడకుండా ఆ నివేదికలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015 నుండి విజియాక్సెస్ పేరిట అన్ని దేశాల నివేదికల సారాంశ సంఖ్యలను అందరికీ చూపుతున్నది. మన దేశంలో సామాన్యులు చదవడానికి వీలైనవి ప్రధానంగా విచారణ ముగిసిన కేసుల పట్టికలు. ముడి నివేదికలను కూడా, పేర్లు తీసివేసి, చూపాలన్నదే నా అభిప్రాయం. "ముడి లెక్కలు చూపితే జనం బెదిరిపోతారు" అని కొందరు పెద్దలు అంటారు. అమెరికా లెక్కలలోని ప్రతి మరణాన్నీ టీకా మరణంగా ప్రచారం చేసినవారు ఉన్న మాట నిజమే. కానీ దానికి మందు లెక్కను దాచడం కాదు, చదవడం నేర్పడం.

ఈ సందర్భంలో మన సుల్తాన్ బజారుకు సంబంధించిన చరిత్ర ఒకటి గుర్తు చేయాలి. కోఠీ మహిళా కళాశాలగా మనమెరిగిన రెసిడెన్సీలో వైద్యాధికారిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, శస్త్రచికిత్సలలో క్లోరోఫాం వల్ల కలిగే మరణాలపై 1888, 1889 సంవత్సరాలలో నిజాం ప్రభుత్వ సహాయంతో రెండు కమిషన్లు నడిపాడు. క్లోరోఫాం ముందుగా శ్వాసను ఆపుతుందనీ, శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలుననీ తేల్చారు. ఆ నివేదిక 1890లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. అచ్చయినందువల్లనే ఇతర దేశాలవారు దానిని పరీక్షకు పెట్టారు. క్లోరోఫాం నేరుగా గుండె లయను దెబ్బతీయగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. హైదరాబాదు నిర్ణయం తప్పయినా, దానిని బయటపెట్టిన పద్ధతి ఒప్పు. మూసిన పెట్టెలోని లెక్క తప్పైతే దిద్దేవారు ఉండరు.

గృహస్థులు పాటించవలసినవి

1. టీకాల కార్డును జాగ్రత్తగా భద్రపరచండి. టీకా పేరు, తేదీ, వీలైతే బ్యాచ్ నంబరు వ్రాయించుకోండి. తోడుగా ఇచ్చిన మాత్ర పేరు చదివి, ఎంత ఇవ్వాలో అడిగి తెలుసుకోండి.

2. టీకా వేసిన తరువాత అరగంట సేపు ఆ కేంద్రంలోనే ఉండండి.

3. స్వల్ప జ్వరం, సూది వేసినచోట వాపు ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి. తల్లిపాలు తరచుగా ఇవ్వండి. వాపుపై చల్లని తడి గుడ్డ వేయవచ్చు. పసుపు, నూనె, ఆకు పసరు, వేడి కాపడం వద్దు. బి.సి.జి. టీకా వేసినచోట కొన్ని వారాలకు చిన్న పుండు ఏర్పడి మచ్చగా మారడం సహజం. దానిపై ఏమీ పూయరాదు.

4. జ్వరం తగ్గించాలని ఆరు నెలలలోపు శిశువుకు కషాయాలు పోయకండి. సంవత్సరం నిండే వరకు తేనె నాకించకండి. ఇది ఆయుర్వేద వైద్యుడిగా నేను గట్టిగా చెప్పే మాట.

5. శ్వాస కష్టం, ఒళ్లంతా దద్దుర్లు, మూర్ఛ, బిడ్డ సోలిపోయి పలుకకపోవడం, మూడు గంటలకు పైగా ఆగని ఏడుపు, తీవ్ర జ్వరం – వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం చేయక తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

6. టీకా వేసిన ఆరోగ్య కార్యకర్తకు లేదా వైద్యాధికారికి తెలియజేయండి. 2010లో ప్రారంభమైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం వారి ఉచిత ఫోను 1800-180-3024 కు కూడా తెలుపవచ్చు. బాధ ఏ గంటకు మొదలైనదో, అంతకుముందు బిడ్డకు ఏ జబ్బు ఉన్నదో, ఇంటిలో ఏ మందు ఇచ్చారో దాచకుండా చెప్పండి. ఇచ్చిన కషాయం సంగతి కూడా చెప్పాలి.

7. ఆసుపత్రి పత్రాలన్నీ దాచి ఉంచండి. విచారణకు వచ్చినవారికి నకళ్లు ఇచ్చి, ఫలితం ఏమైనదో వ్రాతపూర్వకంగా అడగండి.

8. ఒక వార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: ఎన్ని మోతాదులలో ఇన్ని కేసులు? విచారణ పూర్తయినదా? ఏ వర్గంలో చేర్చారు? సమాధానం లేని వార్తను పదిమందికి పంచకండి.

మన ఇంటి వైద్యానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ, హోమియో మందుల ప్రతికూల ఫలితాల నమోదుకు ఆయుష్ మంత్రిత్వ శాఖ 2017-18 నుండి ప్రత్యేక కార్యక్రమం నడుపుతున్నది. ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ దానికి జాతీయ కేంద్రం. టీకా లెక్క చూపమని ప్రభుత్వాన్ని అడిగే మనం, చూర్ణం వల్ల వాంతులైతే "వైద్యుడు గారు ఏమనుకుంటారో" అని మొగమాటపడి ఊరుకోవడం తగదు. నా వద్ద మందు పుచ్చుకునేవారికి కూడా నేను ఇదే చెబుతున్నాను. బాధ కలిగితే ముందుగా నాకు చెప్పండి, నేను వ్రాసి పంపుతాను. నేను పంపకపోతే మీరే పంపండి.